మూడో వడ్డన

భానోజీ మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళకు వెంటనే జవాబు దొరికేది కాదు. ముందు చేతికి ఏదో ఒక పని దొరికేది. ఆయన వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. జిల్లా ఆస్పత్రి ఆవరణలోని రేకుల షెడ్డులో, రోగులకు తోడుగా వచ్చినవాళ్ళకు ఒక ధర్మసంస్థ ఆదివారం పూట ఉచితంగా భోజనం పెట్టేది. మాస్టారు అక్కడ పప్పు వడ్డించేవారు. భోజనాలయ్యాక అదే షెడ్డులో, పై చదువుకు వెళ్ళాలనుకునే నర్సులకూ టెక్నీషియన్లకూ పాఠం చెప్పేవారు. ఫీజు ఎంతని ఎవరైనా అడిగితే, కడగాల్సిన గుండిగల వైపు చూపించేవారు.

ఆయన శిష్యుల్లో నూకరత్నం ఒకతె. ఆ ఆస్పత్రిలోనే ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సు. పెళ్ళయి, బడికి వెళ్ళే కూతురున్న మనిషి. డాక్టరు చదువుకు పరీక్ష రాయాలని నిశ్చయించుకుని, దారంతా తనే వేసుకుంది. ఉద్యోగం వదలకుండా రాత్రి డ్యూటీలకు మారడం, పగలు చదవడం, సీటొస్తే జీతం లేని సెలవు పెట్టడం. ఇంటర్ తరవాత వదిలేసిన ఫిజిక్సును మాస్టారి దగ్గర మళ్ళీ మొదటినుంచీ పట్టింది. భర్త సరేనన్నాడు. డ్యూటీ మార్చుకోవడానికి తోటి నర్సు ఒప్పుకుంది. దరఖాస్తుకు మర్నాడే ఆఖరి రోజు. అయినా ఆ ఆదివారం ఆమె ముఖంలో వెలుగు లేదు.

వాళ్ళమ్మ అదే ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసింది. ముందురోజు కూతురి తల దువ్వుతూ మెల్లగా అంది. "ఆయా కూతురు నర్సయింది. ఊరంతా చెప్పుకున్నారు. అది చాలదా తల్లీ? ఆశకు అంతుండొద్దా?" తిట్టి ఉంటే నూకరత్నం ఎదురు చెప్పేదే. అంత ప్రేమగా అడిగేసరికి ఆ ప్రశ్న రాత్రంతా మనసులో తిరిగింది.

షెడ్డులోకి వస్తూనే మాస్టారిని అడిగింది. "ఆశకూ అత్యాశకూ తేడా ఎలా తెలుస్తుంది మాస్టారూ? పేదవాళ్ళకు సేవ చేయడానికి డాక్టర్నవుతానంటే అందరూ మెచ్చుకుంటారు. కానీ నాకు ముందు గుర్తొచ్చేది సేవ కాదు. సర్జన్ గారికి కత్తి అందిస్తుంటానా, ఆ కత్తి నేను పట్టుకోవాలనిపిస్తుంది. ఎక్కడ కోయాలో, ఎందుకక్కడే కోయాలో నాకు తెలియాలనిపిస్తుంది. ఇది నా కోసమే కదా?"

మాస్టారు విన్నారు. అన్నం గరిటె తీసి ఆమె చేతిలో పెట్టి, "వరస కదులుతోంది, పట్టు" అన్నారు.

ఆ రోజు జనం ఎక్కువ. నూకరత్నం వడ్డిస్తూ నిలబడింది. ఒకాయన క్యారేజీ చాపి, "పైన వార్డులో మా నాయనున్నాడమ్మా" అంటే గిన్నె నిండా వేసింది. ఇంకొకామె పక్క మంచం ముసలమ్మకని రెండో పళ్ళెం పడితే, మారుమాట లేకుండా వేసింది. వాళ్ళ తరవాత ఒక సన్నటి పిల్ల వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. వెలిసిన చీర, భుజం మీద తువ్వాలు, చంకలో బిడ్డ లేదు, పక్కన మనిషి లేడు. అన్నం వేయించుకుని గోడవారన కూర్చుని గబగబా తినేసింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. నూకరత్నం వేసింది. మళ్ళీ తినేసి, చెయ్యి కడుక్కుని, తడి పళ్ళెంతో మూడోసారి వరసలో నిలబడింది.

అప్పటికి గుండిగలో అన్నం అడుగుకు వచ్చేసింది. వెనక ఇంకా మనుషులున్నారు.

"ఎవరికోసమమ్మా?" అని అడిగింది నూకరత్నం.

"నాకేనమ్మా" అంది ఆ పిల్ల.

వరసలో ఎవరో మూతి విరిచారు. "మూడోసారి! ఇదేం తిండి?" అని ఇంకెవరో గొణిగారు. ఆ పిల్ల తల వంచుకుంది గానీ పళ్ళెం వెనక్కి తీయలేదు. నూకరత్నం చేతిలో గరిటె గుండిగ అంచు మీదే ఆగిపోయింది. పక్కనుంచి మాస్టారు తన గరిటెతో పప్పు ముంచి, ఖాళీ పళ్ళెం మీద పట్టుకుని ఊరికే నిలబడ్డారు. అన్నం లేకుండా పప్పు దేనిమీద పోయాలన్నట్టు. నూకరత్నం సిగ్గుపడి అన్నం వేసింది. వెనకవాళ్ళకు ఏం తక్కువ కాలేదు. వంటాయన ఇంకో గుండిగ దించి తెచ్చాడు.

భోజనాలయ్యాక మాస్టారు మజ్జిగ క్యాను ఆమెకిచ్చి, పసిపిల్లల ప్రత్యేక వార్డు దగ్గర కాచుకునేవాళ్ళకు పోసి రమ్మన్నారు. నూకరత్నం పనిచేసే థియేటరు ఆవలి భవనంలో ఉంది. ఇటువైపు ఆమె వచ్చేదే తక్కువ. వార్డు తలుపు పక్కన అద్దంలోంచి చూస్తే, లోపల కుర్చీలో ఆ సన్నటి పిల్లే కూర్చుని ఉంది. అరచేతిలో ఇమిడేటంత బిడ్డ ఆమె గుండెకు ఆనుకుని ఉంది. ఇంకొక బిడ్డను సిస్టరు వెచ్చటి అద్దాల పెట్టెలోంచి తీస్తోంది. నెల తక్కువగా పుట్టిన కవలలు. తల్లిని డిశ్చార్జి చేసి పంపేశారు, పిల్లలింకా లోపలే ఉన్నారు. గంటగంటకూ పాలివ్వడానికి ఆమె ఆ వరండాలోనే ఉంటోంది.

ఇద్దరికీ పాలివ్వడం అయ్యాక ఆ పిల్ల బయటికి వచ్చింది. నూకరత్నం గ్లాసునిండా మజ్జిగ పోసి ఇచ్చి, పక్కనే కూర్చుంది.

"ఇద్దరు బిడ్డలకు పాలివ్వాలని అప్పుడే చెప్పొచ్చు కదా? ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు."

ఆ పిల్లకు ఆ మాట సరిగా అర్థం కాలేదు. మజ్జిగ తాగి మూతి తుడుచుకుంది. "ఆకలేసింది నాకు గదమ్మా. ఆళ్ళకి అన్నమంటే ఏటి తెలుస్తాది?" అని నవ్వింది. అంతలోనే నవ్వాపి, లోపలున్న చిన్నవాడు ఆ రోజు మొదటిసారి తనంతట తాను రొమ్ము పట్టుకుని పాలు తాగాడని చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె కళ్ళు మెరిశాయి. నూకరత్నానికి కూడా ఎందుకో కళ్ళు చెమర్చాయి. ఇంకో గ్లాసు పోసింది. ఆ పిల్ల వద్దనలేదు.

తిరిగి వచ్చేసరికి మాస్టారు పంచె ఎగ్గట్టి గుండిగ తోముతున్నారు. నూకరత్నం ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని రెండో గుండిగ తీసుకుంది.

"ఎవరికోసమో తీసుకెళ్తున్నానని ఒక్క ముక్క అని ఉంటే, కళ్ళు మూసుకుని వేసేసేదాన్ని మాస్టారూ" అంది తోముతూ. "తనకేనని చెప్పింది కాబట్టే నా చెయ్యి ఆగింది."

మాస్టారు తల ఊపి, ఆమె తోముతున్న గుండిగలో నీళ్ళు పోశారు. నూకరత్నం దాన్ని కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుంది. పొద్దుటినుంచీ భుజాల మీద ఉన్న బరువు తగ్గినట్టనిపించింది. ఎండ రేకుల మీంచి దిగి గచ్చు మీద పడుతోంది. పాఠానికి మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చాపలు పరుస్తున్నారు.

"రేపు పొద్దున్నే దరఖాస్తు పెట్టేస్తాను" అంది. "డ్యూటీ కూడా మార్పించుకుంటాను. మా అమ్మ మళ్ళీ అడిగితే మాత్రం ఏం చెప్పమంటారు?"

మాస్టారు పంచె దించుకుని, తడిచేతులు దులుపుకున్నారు.

"నాకేనని ఉన్నమాటే చెప్పు. మీ అమ్మా ఒకప్పుడు తన ఆకలికి తిని, నీకు పాలిచ్చిన తల్లే" అన్నారు.