బండ బ్యాండులో కీచురాయి

దగ్గరికి జరగండర్రా. మట్టిలో కూర్చున్నా ఫరవాలేదు, లేచాక దులుపుకోవచ్చు. ఆ, ఇప్పుడు వినండి.

అనగనగా ఒక కొండ అడవిలో గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఎండిన సొరకాయ బుర్రకు తీగలు బిగించి, గోళ్ళతో ఝుమ్మని మీటేవాడు. సింహం కొలువులో పొగడ్త పాటలు వాయించడం అతనికి ఇష్టం లేదు.

"మన పాట మనమే కట్టుకుందాం. మనకు నచ్చినట్టు వాయిద్దాం" అన్నాడు.

వడ్రంగిపిట్ట వచ్చి చెట్టు మీద టకటకా దరువు వేసింది. కీచురాయి గడ్డిలో కూర్చుని, కీ... అని ఒకటే శ్రుతి పట్టింది. పెద్ద నల్లబండ మీద వాయిస్తారు కాబట్టి అడవిలో అందరూ ఈ జట్టును 'బండ బ్యాండు' అన్నారు.

జింకలు వచ్చాయి, కుందేళ్ళు వచ్చాయి. పేరొచ్చింది. పేరొచ్చాక గుబురయ్యకు ఇంకా పేరు కావాలనిపించింది.

మొదట వడ్రంగిపిట్టను పంపేసి కోతిని తెచ్చాడు. కోతి దరువుతో పాటు గంతులూ వేసింది. చప్పట్లే చప్పట్లు! తరవాత పాడటానికి గోరింకను తెచ్చాడు. ఇంకా చప్పట్లు!

ఇంతలో తొలకరి జాతర దగ్గర పడింది. ఆ రోజు అడవి అడవంతా బండ దగ్గరికే వస్తుంది. అప్పుడు మెప్పిస్తే ఇక సింహం కొలువు ముఖం చూసేవాడుండడు.

గోరింక విసుక్కుంది. "ఏం మావా, ఆ కీచు గోల ఏంటి, చెవిలో చీమ దూరినట్టు? తీసెయ్."

గుబురయ్య గడ్డిలోకి వంగాడు. "ఒరే కీచూ, జాతర రోజు నువ్వు నోరెత్తకు."

"నేను ఆపితే మావాళ్ళంతా ఆపేస్తారు మావా."

"ఇంకా మంచిది!"

"అది కాదు మావా, అప్పుడు..."

"నోరెత్తొద్దన్నానా!"

జాతర సాయంత్రం బండ చుట్టూ కాలు పెట్టే చోటు లేదు. గుబురయ్య సొరబుర్ర ఎత్తి సైగ చేశాడు. కీచురాయి ఆగింది. గడ్డిలో, పొదల్లో ఉన్న కీచురాళ్ళన్నీ ఆగాయి.

అడవి ఒక్కసారిగా మూగబోయింది.

ముసలి దుప్పి చెవులు నిక్కించింది. "కీచురాళ్ళు ఆగాయి!"

"పులి!" అని ఎవరో అరిచారు.

"పులి! పులి!"

అవును మరి, పెద్దమృగం అడుగు పెడితే కీచురాళ్ళు ఠక్కున ఆగిపోతాయి. అడవిలో పుట్టిన ప్రతి ప్రాణికీ అది తెలుసు. జింకలు ఎగిరి దూకాయి. కుందేళ్ళు కాళ్ళ సందుల్లోంచి దౌడు తీశాయి. గోరింక తుర్రుమంది. కోతి ఎటు పోయిందో కోతికే తెలియదు. మరి గుబురయ్య? ఆపమన్నది తనేనన్న సంగతి తనకే గుర్తు రాలేదు. సొరబుర్ర విసిరేసి చెట్టెక్కేశాడు!

కొమ్మ మీంచి చూస్తే పులీ లేదు, గిలీ లేదు. కింద బండ ఒక్కటే ఖాళీగా ఉంది.

దిగి గడ్డిలోకి వంగాడు. "ఎందుకాగావురా?"

"నువ్వేగా మావా ఆగమన్నావు."

గుబురయ్య విసిరేసిన సొరబుర్రను వెతికి తెచ్చుకున్నాడు.

"లేని పులిని నాచేత పిలిపించావు" అంది కీచురాయి. "రేపు నిజం పులి వచ్చి నేను ఆగితే నన్నెవరు నమ్ముతారు? ఇక నీ సైగ మీద నేను పాడను, ఆగను." అలా అని గెంతుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం వాగు వైపు నుంచి దరువు వినిపించింది. గుబురయ్య వెళ్ళి చూశాడు. అక్కడ వడ్రంగిపిట్ట, కీచురాయి! చుట్టూ జింకలు! బీటలిచ్చిన సొరబుర్రను చంకలో పెట్టుకుని మెల్లిగా అడిగాడు.

"నన్నూ చేర్చుకుంటారా?"

వడ్రంగిపిట్ట వెనక్కి తిరక్కుండానే అంది. "కొత్తగా చేరినవాళ్ళు వెనక కూర్చోవాలి మావా."

గుబురయ్య వెళ్ళి వెనక కూర్చున్నాడు.

ఏంట్రా, నోళ్ళు తెరుచుకుని అలా చూస్తారు? లేవండి, లేవండి. ఇళ్ళకు పోయి అన్నాలు తినండి, చల్లారిపోతాయి.

నీతి: రోజూ వినే గొంతే కదా అని చులకన చేయకూడదు, అది ఎంత పని చేస్తోందో, ఆగిపోయిన రోజునే తెలుస్తుంది.