చక్రం మీద పులి

అనగా అనగా, కుమ్మరి చక్రాలు గిర్రున తిరిగే ఒక వీధిలో నూకాలు, పైడి అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. దగ్గరికి జరగవే బుజ్జీ. కాళ్ళు అప్పుడే ముడుచుకోకు, పులి ఇంకా రాలేదు.

ఒకరోజు అమ్మా నాన్నా సంతకెళ్ళారు. పైడి మట్టి తేవడానికి ఒక్కతే వాగుకి పోయింది. ఇంట్లో నూకాలు మిగిలింది. చక్రం మీద వెడల్పు మూతి పచ్చికుండ ఒకటుంది. లోపల దీపం పెడితే వెలుగు బయటికి రావాలని, అంచు కింద చుట్టూ నిలువుగా సన్నటి గాట్లు పెట్టారు.

అప్పుడు నూకాలు ఏమీ తోచక, ఎర్రమట్టి నీళ్ళతో కుండ లోపల, గాట్ల కింద, చుట్టూ బొమ్మలు వేసింది. ప్రతి బొమ్మలోనూ పైడి కూర్చునుంది, వెనక పులి ఉంది. ఒకదాంట్లో పులి కాలెత్తింది. పక్కదాంట్లో ఇంకాస్త ఎత్తింది. ఆ పక్కదాంట్లో నోరు తెరిచింది. చివరిదాంట్లో ముందుకి వంగింది. ఆ తర్వాత నూకాలు చక్రం తిప్పి, గాట్లలోంచి లోపలికి చూసింది.

అమ్మో! పులి కదిలింది! నడిచి నడిచి పైడి మీదికి దూకింది!

నూకాలుకి ఒకటే భయం. ఇక్కడ దూకిన పులి అక్కడ వాగు దగ్గర కూడా దూకితే? గబగబా చక్రం ఆపి, నోరు తెరిచిన పులిని తడిగుడ్డతో తుడిచేసింది. మళ్ళీ తిప్పింది. పులి రెప్పపాటు మాయమై, మళ్ళీ వచ్చి దూకింది.

అప్పుడు అన్ని పులుల కాళ్ళూ తుడిచేసింది. కాళ్ళు లేని పులి గాల్లో తేలుతూ వచ్చింది. అది ఇంకా భయంగా ఉంది తల్లీ.

ఆ తర్వాత కుండ పగలగొడదామని కర్ర ఎత్తింది. కానీ పైడి కూడా అందులోనే ఉందిగా! చెల్లెల్ని ఎలా కొడుతుంది, పిచ్చిపిల్ల? కర్ర అవతల పడేసింది. "పైడీ, వచ్చేయే!" అని ఏడుస్తూ కళ్ళు గట్టిగా మూసుకుంది.

చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. దాని చప్పుడొక్కటే వినిపిస్తోంది. అడుగులు లేవు, గాండ్రింపూ లేదు. అప్పుడు వాకిట్లోంచి పైడి అరిచింది.

"అక్కా, తట్ట దించవే! మెడ విరిగిపోతంది!"

నూకాలు ఒక్క ఉరుకున పోయి, నెత్తి మీద తట్టతో సహా చెల్లెల్ని వాటేసుకుంది.

మరి పులిని నడిపించిందెవరు? మన కన్నే. గాట్లోంచి ఒక బొమ్మ కనిపిస్తుంది. అది కంట్లోంచి పోకముందే ఇంకోటి వచ్చేస్తుంది. ఈ కన్నుకి ఆత్రమెక్కువ, రెండిటినీ కలిపేసి కదిలిందంటుంది. నువ్వు టీవీలో చూసే బొమ్మల సినిమా కూడా ఇంతే. ఎవరో ఓపిగ్గా ఒక్కో బొమ్మనీ కాస్త కాస్త మార్చి గీస్తారు.

ఇంకా భయమేనా? అయితే కళ్ళు మూసుకో. నువ్వు చూడకపోతే పులికి అడుగు పడదు.

కథ పోయింది కంచికి,
కునుకొచ్చింది కంటికి.