చీడయ్య తెచ్చిన తలుపు

సముద్రంలో, ఎండ దిగేంత లోతులో, కంటికి ఆనని పచ్చనాచు జీవాలు కాపురముంటాయి. ఒక్కొక్కరిదీ ఒక్క గది ఇల్లు, ఈదడానికి రెండు తోకలు. పొద్దున్నే వెలుగు కోసం పైకి పోవడం, మధ్యాహ్నం ఎండదెబ్బకు జడిసి కిందికి దిగడం. అంతే వాళ్ల సంసారం. ఏ లోటూ లేదు.

పసరమ్మ, చిగురమ్మ అక్కాచెల్లెళ్లు. నిన్న సాయంత్రం దాకా ఇద్దరూ ఒక్కరే. తెల్లారేసరికి రెండుగా విడిపోయారు. అయినా అక్కను నేనంటే నేనని అప్పుడే తగువు. పోట్లాడలేక చిగురమ్మ చెల్లెలయింది.

ఆ ఉదయమే చీడయ్య అనే వైరస్ నీళ్లలో తేలుతూ వచ్చాడు.

"అమ్మాయిలూ, వెలుగు తలుపు తెచ్చాను! గోడకు బిగించుకుంటే చాలు, ఎండ తగలగానే దానంతట అదే తెరుచుకుంటుంది. గొళ్లెం తీసే పని కూడా లేదు."

"ఎంత ముచ్చటగా ఉందో! ఇప్పుడే బిగించు బాబాయ్," అని చిగురమ్మ తన గోడ చూపించింది.

పసరమ్మకు ఆ తలుపు సంగతి తెలుసు. మొన్న పక్కింట్లో ఈ తలుపే బిగించారు. వెలుగు పడగానే అది తెరుచుకుంది, ఉప్పు లోపలికి దూసుకొచ్చింది, తోకలు కొయ్యబారిపోయాయి. కదల్లేని ఆ ఇంట్లో చీడయ్య మంద మందగా పిల్లల్ని పెంచి, గోడలు పగలగొట్టించి బయటపడ్డాడు. అక్కాచెల్లెళ్లు ఒక్కరుగా ఉన్నప్పుడు చూసిన సంగతే ఇది. పంపకాల్లో జ్ఞాపకం అక్క వాటాకు, మోజు చెల్లెలి వాటాకు వచ్చాయి కాబోలు.

"చాలా గొప్పవాడిలా ఉన్నాడే అక్కా!"

"తలుపు మోసినంత మాత్రాన గొప్పవాడైపోతాడా? రొయ్యకు లేవా బారెడు మీసాలు!" అని చాటుగా గొణిగి, పసరమ్మ చీడయ్యతో తియ్యగా అంది:

"గుమ్మం ఎత్తాలంటే ముహూర్తం చూసుకోవద్దూ బాబాయ్? మా వాడకు అభిజిత్ లగ్నమే ఆచారం. మిట్టమధ్యాహ్నం దాకా నువ్విక్కడే తలుపు పట్టుకుని ఉండు. మేం వాడంతా పిలుచుకొస్తాం. అందరిళ్లకూ ఒకేసారి బిగిద్దువుగాని."

వాడంతా! చీడయ్యకు నోరూరింది. చేతికందిన ఇల్లు వదిలేసి, "అలాగే తల్లీ, తొందరేముంది!" అన్నాడు.

పసరమ్మ చెల్లెల్ని తోక పట్టుకుని కిందికి లాక్కుపోయింది.

"ముహూర్తం దాటిపోతుందక్కా!"

"దాటనీ. నోరు మూసుకుని ఈదు."

ఎండ ముదిరింది. ముదిరేకొద్దీ తలుపు బార్లా తెరుచుకుంటుంటే చీడయ్య మురిసిపోయాడు. పుట్టింది మొదలు ఒకరింటి నీడన బతికినవాడు, ఎండ దెబ్బ ఎలా ఉంటుందో వాడికేం తెలుసు? ఒంటి మీది పెంకు చిట్లుతుంటే కిందికి దిగుదామనుకున్నాడు. తోకలుంటేగా!

"అమ్మాయిలూ, ఒక్క క్షణం లోపలికి రానివ్వండి! ప్రాణం పోతోంది!"

"లగ్నం వచ్చేసింది బాబాయ్, కదలకు!" అని కింద చల్లటి నీళ్లలోంచి పసరమ్మ కేకేసింది.

సాయంత్రం పైకొచ్చి చూస్తే వాడూ లేడు, తలుపూ లేదు. చిగురమ్మ కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత నీరెండలో అక్క పక్కనే హాయిగా ఈదుతూ అన్నీ మరిచిపోయింది.

నీతి: తలుపు ముచ్చటగా ఉందని బిగించుకునే ముందు, అందులోంచి లోపలికి వచ్చేదెవరో కనుక్కోవాలి.