మోగితే చాలనుకున్న భూపతి

భీమవరంలో రొయ్యల రైతులకు ఫోనులో సలహాలు చెప్పే ఒక కేంద్రంలో ఫోన్ల బాగోగులు చూసే భూపతి మంచి పనిమంతుడే కానీ, ఫోను మోగితే చాలు తన పని అయిపోయిందనుకునేవాడు.

కేంద్రంలో పాత ఫోన్లు తీసేసి ఇంటర్నెట్ ఫోన్లు పెట్టారు. భూపతి ఒక బల్ల దగ్గర నుంచి పక్క బల్లకు చేసి చూశాడు. మోగింది, మాట ఖంగున వినిపించింది. సలహాలు చెప్పే ఝాన్సీ మాత్రం బయటి నుంచి కూడా ఒకసారి చేసి చూడమంది.

"మోగిందంటే పనిచేస్తున్నట్టే మేడమ్" అన్నాడు భూపతి, అప్పటికే బ్యాగు భుజాన వేసుకుంటూ.

మర్నాటి నుంచి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఝాన్సీ ఎంత పలకరించినా అవతల ఉలుకూ పలుకూ లేదు. ఎవరో ఆకతాయిలని విసుక్కుని పెట్టేసేది. భూపతికి చెబితే, లోపం రైతుల ఫోన్లలోనే ఉంటుందని కొట్టిపారేశాడు.

మబ్బు పట్టిన ఒక ఉదయం సత్యవేణి అనే రైతు ఆయాసపడుతూ కేంద్రంలోకి వచ్చింది. చెరువు కౌలుకు తీసుకుని కొత్తగా సాగు మొదలుపెట్టింది. ఊపిరాడక రొయ్యలు పైకి తేలుతుంటే ఏం చేయాలో తోచక ఫోను చేసిందట.

"హలో, మాట్లాడండి అని మీరు అంటానే ఉన్నారండి. నేను గొంతు చించుకుని అరుస్తానే ఉన్నాను. పెట్టేశారు" అంది, కళ్లు తుడుచుకుంటూ.

వెంటనే మేత ఆపి, నీటికి గాలి అందించే ఏరియేటర్లన్నీ తిప్పమంది ఝాన్సీ. సత్యవేణి చెరువు దగ్గరున్న భర్తకు ఆ మాట చేరవేసింది. కానీ అప్పటికే సగం రొయ్యలు చచ్చిపోయాయి.

భూపతికి తల కొట్టేసినట్టయింది. రోడ్డు మీదికి వెళ్లి తన సెల్లు నుంచి కేంద్రానికి చేశాడు. "ఎవరండీ? మాట్లాడండి" అంది ఝాన్సీ. అతను గట్టిగా పలికాడు. ఆమె విసుక్కుని పెట్టేసింది.

ఇక లోపం పట్టుకోవడం అతనికెంతసేపు? మోగమనే కబురు వచ్చే దారి వేరు, మాట వచ్చే దారి వేరు. కొత్త ఫోన్లు ఆఫీసు లోపల మాత్రమే చెల్లే చిరునామాను బయటివాళ్లకు ఇస్తున్నాయి. అందుకే రైతుల మాట, వీధి పేరు రాయని ఉత్తరంలా ఎక్కడికీ చేరడం లేదు. భూపతి ఆ చిరునామా సరిచేశాడు. సత్యవేణికి కబురు పెట్టి, ఆమె చేతే కేంద్రానికి ఫోను చేయించాడు.

"ఇప్పుడు వినపడతందాండి?" అని అడిగింది ఆమె.

"బాగా వినపడుతోందమ్మా" అన్నాడు ఫోను ఎత్తిన భూపతి.

"ఈ పని మొదట్లోనే చేసుంటే నా చెరువు నిండుగా ఉండేదండి" అంది సత్యవేణి.

చేసిన పని మన కళ్లకు బాగుంటే సరిపోదు. ఎవరి కోసం చేశామో వాళ్లకు అక్కరకొచ్చిందని చూసుకున్నాకే అది పూర్తయినట్టు.