తుపాకీ మడమ మీద కడియం అచ్చు

ఆ తుపాకీని చూడగానే ఓదేలుకు ఒళ్లు మండిపోయింది. దొర మనవడు విఠల్‌రావు దాన్ని పట్టుగుడ్డలో చుట్టి తెచ్చి, తుపాకుల కర్రపని చేసే ఖలీల్ ఉస్తాద్ ముందు పెట్టాడు.

"కట్టె మీద ఒక్క మచ్చ ఉండొద్దు. హాల్లో గోడకు పెడ్తం," అని చెప్పి పోయాడు.

ఉస్తాద్ ఇనుప గొట్టాల నుంచి కర్రను విడదీసి, శిష్యుడైన ఓదేలు చేతికిచ్చాడు. నిండా సొట్టలే. మడమ దగ్గర మాత్రం వంపు తిరిగిన సొట్ట ఒకటి ఉంది, లోపల వరసగా పూసల అచ్చు.

వెట్టికి రానన్నందుకు ఓదేలు తాత రాజమల్లును గడీ ముందర దొర ఈ మడమతోనే కొట్టాడు. తాత చెయ్యి అడ్డం పెడితే వెండి కడియం కర్రలో దిగింది, ఎముక విరిగింది. ఆ వంకర చేత్తోనే ముసలాయన బతికినన్నాళ్లూ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కొట్టినవాడు మాత్రం పట్టెమంచం మీద సుఖంగా పోయాడు.

ఆ కడియం ఇప్పుడు ఓదేలు చేతికుంది. ఆనించి చూశాడు. అచ్చులో సరిగ్గా కూర్చుంది.

"దీన్ని కుంపట్ల పెడ్త ఉస్తాద్! మా తాతను కొట్టిన కట్టెకు నేను నూనె రాయాల్నా?"

ఉస్తాద్ అడ్డుపడలేదు. తడిగుడ్డ, కాగిన ఇస్త్రీపెట్టె తెచ్చి ముందు పెట్టాడు.

"కాలవెట్టుడెందుకు బేటా? దీంతోని అన్నీ తీసెయ్. కొట్టిన జాడ గూడ ఉండది."

ఓదేలు పళ్లు కొరుకుతూ గుడ్డ పరిచాడు. ఆవిరి పట్టిన కొద్దీ, అణిగిన కర్ర ఉబ్బి పైకి లేచింది. జీపులో తగిలినవి, రాళ్ల మీద పడినవి, ఒక్కొక్కటే మాయమయ్యాయి. చివరికి కడియం అచ్చు మిగిలింది. దాని మీదా గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఎత్తాడు.

చెయ్యి ఆగిపోయింది. తాత లేడు. చూసినవాళ్లూ లేరు. ఊళ్లో ఇప్పుడు ఆ దొరను ధర్మాత్ముడంటున్నారు.

ఓదేలు గుడ్డ లాగి పడేశాడు. కోపం చల్లారలేదు. ఆ కోపంతోనే ఆ అచ్చును వదిలి మిగతా కర్రంతా నునుపు చేసి నూనె పట్టించాడు.

విఠల్‌రావు వచ్చి కర్రను తిప్పి తిప్పి చూసి మొహం చిట్లించాడు.

"ఇదొక్కటెందుకు ఉంచిన్రు? మిగతా దెబ్బలన్నీ పోయినయి గదా?"

ఓదేలు పిడికిలి బిగించాడు. ఉస్తాద్ తలెత్తి విఠల్‌రావును సూటిగా చూశాడు.

"అవి కట్టె తిన్న దెబ్బలు దొరా. ఇది కట్టె కొట్టిన దెబ్బ."