అమ్మ బుర్రకి పని చెప్పాం

మా ఇంట్లో నలుగురం. నలుగురికీ తెలివి ఎక్కువే. ఇది మేం చెప్పుకునే మాట కాదు, ఊరంతా అంటుంది. మేం వీధిలో నడుస్తుంటే "అదిగో, తెలివైనోళ్ళు వస్తున్నారు" అని జనం పక్కకి తప్పుకుంటారు. కొందరైతే మమ్మల్ని చూసిన సంతోషం పట్టలేక నోటికి కండువా అడ్డం పెట్టుకుంటారు. నేను ఏడో తరగతి మూడుసార్లు చదివాను. మిగతావాళ్ళు ఒక్కసారే చదివి పై తరగతికి పోయారు. మరి ఆ తరగతి గురించి ఎవరికి ఎక్కువ తెలుసో మీరే చెప్పండి. నా పేరు గౌరునాయుడు. మా అన్నయ్య పోలారావు నాకంటే మూడేళ్ళు పెద్ద, కాబట్టి మూడేళ్ళ తెలివి ఎక్కువ. వదిన పైడమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో కాస్త వేరేగా ఉండేది గానీ, మాతో ఉండి ఉండి ఇప్పుడు మాలాగే తయారైంది.

నాలుగో మనిషి మా అమ్మ, అప్పలనరసమ్మ. అనకాపల్లికి అవతల మాకు కొంచెం చెరకు తోట, ఒక గానుగ, బెల్లం వండే పెద్ద పెనం ఉన్నాయి. చెరకు నరకడం అన్నయ్య పని. గానుగాడించడం నా పని. పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి తొయ్యడం వదిన పని. బెల్లం చెయ్యడం మాత్రం అమ్మ పని. పెనంలో రసం కుతకుతా ఉడుకుతుంటే అమ్మ పక్కన నిలబడి నురగ చూస్తుంది, వాసన చూస్తుంది, ఒక్క బొట్టు నీళ్ళలో వేసి వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది. అప్పుడు "దించండి" అంటుంది. ఆ మాట ఒక్క నిమిషం ముందంటే బెల్లం గట్టిపడదు, ఒక్క నిమిషం తర్వాతంటే మాడిపోతుంది. ముప్పై ఏళ్ళుగా అమ్మ ఆ మాట సరిగ్గా ఆ నిమిషానికే అంటోంది.

అలాంటి అమ్మ ఈ ఏడాది మొదటి వంటకి ఆ మాట మర్చిపోయింది. పక్కింటి గేదె ఈనిన సంగతి వదినకి చెబుతూ చెబుతూ అలాగే ఉండిపోయింది. మేం ముగ్గురం పెనం వంక చూస్తూనే ఉన్నాం. పాకం ఎర్రబడింది, నల్లబడింది, పొగలొచ్చాయి. "దించండి" అని అనకుండా ఎలా దించుతాం? అంతే. పెనం నిండా బొగ్గు మిగిలింది.

ఆ రోజు అమ్మ అన్నం ముట్టలేదు. వాళ్ళమ్మకి కూడా ఈ మరుపు పొయ్యి మీద పాలు మర్చిపోవడంతోనే మొదలైందని, పోను పోను తన ఇంటి గుమ్మం ఏదో కూడా తెలియకుండా పోయిందని చెప్పి కళ్ళు తుడుచుకుంది. "నాకు బుర్ర పనిచెయ్యకపోతే మీరెలా బతుకుతార్రా" అంది. మా ముగ్గురికీ బుర్రలున్నాయి కదమ్మా, నీకెందుకు బెంగ అని అన్నయ్య ధైర్యం చెప్పాడు. ఎందుకో గానీ అమ్మ ఇంకా ఎక్కువ ఏడ్చింది.

మర్నాడు నేనూ అన్నయ్యా అమ్మని అనకాపల్లి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. ఇది ఏ నెల, ఏ వారం అని అడిగింది. మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పించుకుంది. ఇది జబ్బులా లేదని, వయసు మీద పడితే కొంత మరుపు మామూలేనని, నెల్లాళ్ళు పోయాక మళ్ళీ చూస్తానని చెప్పింది. ఈలోగా ఏం చెయ్యాలో మా ఇద్దరికీ వివరించింది. బుర్రని ఖాళీగా ఉంచకూడదు, దానికి రోజూ ఏదో ఒక పని చెబుతుండాలి. నలుగురితో మాట్లాడాలి. రోజూ నడిచే దారిలో కాకుండా కొత్త దారిలో నడవాలి. కుడిచేత్తో చేసే పనులు కొన్నాళ్ళు ఎడమచేత్తో చెయ్యాలి. వంద నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. గళ్ళలో అక్షరాలు నింపాలి. ఆవిడొక్కర్తే కాదు, ఇంటిల్లిపాదీ చేస్తే ఇంకా మంచిదంది. అర్థమైందా అని అడిగితే, మాకు ఒక్కసారి చెబితే చాలండి అన్నాడు అన్నయ్య. ఆవిడ ఒక్కసారే చెప్పింది. తప్పు అక్కడే జరిగిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంటికి రాగానే మొదలుపెట్టాం. అమ్మని పీట మీద కూర్చోబెట్టాం. అన్నయ్య వంగి, అమ్మ నడినెత్తి దగ్గర నోరు పెట్టి, "బుర్రా, వెళ్ళి బిందెడు నీళ్ళు పట్టుకురా" అన్నాడు. బుర్ర కదల్లేదు. వినిపించలేదేమోనని నేను గట్టిగా చెప్పాను. ఊహూ. దొడ్డి ఊడవమంది వదిన. దానికీ కదల్లేదు. చివరికి అమ్మే, "అది నేను లేస్తే గానీ లేచేలా లేదురా" అని బిందె పట్టుకుని వెళ్ళి నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళు అమ్మ తెచ్చినట్టా, బుర్ర తెచ్చినట్టా అని అన్నయ్యకీ నాకూ వాదన పడింది. బుర్ర కూడా దారంతా వెంట వెళ్ళింది కాబట్టి సగం పని దానిదే అని వదిన తీర్పు చెప్పింది.

పని చెప్పని వేళల్లో బుర్ర ఖాళీగా ఉంటోంది కదా అని నాకు తట్టింది. ఇంకేముంది, ఖాళీగా ఉండకుండా అమ్మ నెత్తి మీద ఏదైనా పెట్టాలి. బిందె పెడితే మెడ నొప్పి అంది. బుట్ట పెడితే జారిపోయింది. మా ఇంట్లో బెల్లానికి కరువేముంది, పోయినేడాది బెల్లంలోంచి అరచెయ్యంత దిమ్మ తీసి పెట్టాం. చక్కగా కుదిరింది. అమ్మ దాంతోనే వంట చేసింది, దాంతోనే ఎండలో వడియాలు పెట్టింది. మధ్యాహ్నానికి బెల్లం కరిగి జుట్టులోకి దిగింది. సాయంత్రానికి ఊళ్ళో ఉన్న చీమలన్నీ మా అమ్మని వెతుక్కుంటూ వచ్చాయి. అమ్మ మాత్రం మురిసిపోయింది. లోపల ఏదో చకచకా కదులుతున్నట్టుందిరా, బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టినట్టుంది అంది. మేం ముగ్గురం చెవులు ఆనించి విన్నాం. నిజమే, చప్పుడవుతోంది.

గళ్ళ సంగతికి పెద్ద కష్టపడలేదు. అన్నయ్యకి పెళ్ళినాటి గళ్ళ లుంగీ ఒకటుంది. అమ్మ బొగ్గుముక్క తీసుకుని అందులో గడి గడికీ ఒక అక్షరం రాసి నింపేసింది. అన్నయ్య అది కట్టుకుని బజారుకి వెళితే జనం ఆపి ఆపి చదివారు.

చిక్కంతా నలుగురితో మాట్లాడ్డంలో వచ్చింది. పొద్దున్న లేవగానే అమ్మ వదినతో మాట్లాడుతుంది, అన్నయ్యతో మాట్లాడుతుంది, నాతో మాట్లాడుతుంది. అప్పటికి ముగ్గురం అయిపోయాం. పాలాయన వచ్చి చెంబు పెట్టమంటే పెడుతున్నానయ్యా అంటుంది. అంతే, నలుగురూ అయిపోయారు. తెల్లవారి కాఫీ కూడా తాగకుండానే ఆ రోజుకి మాటలు సరి. మూడో రోజున చోడవరం నుంచి మా దాలినాయుడు మావయ్య దిగాడు. ఆయన అమ్మకి సొంత తమ్ముడు. అక్కకి బాగాలేదని విని, పనులు మానుకుని, పనసకాయ భుజాన పెట్టుకుని వచ్చాడు. వస్తూనే అక్కా అని పిలిచాడు. అమ్మ నోరు తెరవబోయింది. నేను పరిగెత్తుకెళ్ళి చెయ్యి అడ్డం పెట్టాను. మావయ్యా, నువ్వు అయిదో మనిషివి, రేపు పొద్దున్న రా అని చెప్పాను. మళ్ళీ చోడవరం వెళ్ళి ఏం వస్తాడు, పాపం, అరుగు మీదే కూర్చున్నాడు. అమ్మ కిటికీలోంచి ఆయన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన అమ్మని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అలా ఆ పూటంతా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ ఏడ్చారు. చూసేవాళ్ళకి మా ఇంట్లో ఎవరో పోయారనిపించి, ఇద్దరు ముగ్గురు పలకరించడానికి వచ్చారు. వాళ్ళనీ వెనక్కి పంపించాం. మర్నాడు మావయ్యకే మొదటి నంబరు ఇచ్చాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, నీ నెత్తి మీద చీమలేమిటక్కా అని.

ఇంటి నుంచి గానుగ దగ్గరికి మొదటి రోజు వీధిలోంచి నడిచాం. రెండో రోజు చేలగట్టు మీంచి. మూడో రోజు కాలవలోంచి, మోకాలి లోతు నీళ్ళలో. నాలుగో రోజు రొంగలి చిన్నంనాయుడిగారి ఇంట్లోంచి వెళ్ళాం, ముందు గుమ్మంలో దూరి దొడ్డి గుమ్మంలోంచి బయటికి. ఆయన దొడ్లో నూతి దగ్గర స్నానం చేస్తున్నాడు. మేం పద్ధతిగా కళ్ళు మూసుకుని వెళ్ళాం, అందువల్ల వదిన ఆయన మీదే పడింది. అయిదో రోజుకి దారులు అయిపోయాయి. ఇంకేముంది, అన్నయ్య గునపం తెచ్చి వంటింటి వెనక గోడకి కన్నం కొట్టాడు. అది అచ్చంగా కొత్త దారి, ఇదివరకు ఎవరూ నడిచింది కాదు. కానీ ఆరో రోజుకి అదీ పాతదైపోయింది. అలా నాలుగు గోడలకీ కొట్టాక ఇంట్లోకి గాలి ధారాళంగా వచ్చింది. వెంట కుక్కలు కూడా వచ్చాయి.

ఇంతలో రెండో వంట రోజు వచ్చింది. నరికిన చెరకు ఎండిపోతోంది, ఇంక ఆగే వీల్లేదు. ఇది కూడా మాడిందంటే ఈ ఏడాది మా ఇంట్లో బెల్లం లేనట్టే. అమ్మకి ఆ సంగతి మా అందరికన్నా బాగా తెలుసు. ఆ రోజు పొద్దున్న లేచింది మొదలు నోరు విప్పలేదు. పాలాయన్ని వేలితో పలకరించింది. అన్నయ్య, వదిన, మావయ్య, నేను, మేం నలుగురం పెనం దించాలి. మా నలుగురికీ చెప్పాల్సిన ఆ ఒక్క మాట కోసం అమ్మ తన మాటలన్నీ దాచుకుంది. నురగ చూసింది, వాసన చూసింది, బొట్టు నీళ్ళలో వేసి నలిపింది. ఒకసారి కళ్ళు మూసుకుంది.

"దించండి," అంది అమ్మ.

సరిగ్గా ఆ నిమిషమే. పాకం రంగు చూస్తేనే తెలిసింది. మావయ్య కళ్ళు చెమర్చాయి. మాకు పట్టరాని సంతోషం వచ్చింది, ఆ సంతోషంలో డాక్టరమ్మ చెప్పినవి ఒక్కటీ వదలకుండా పాటించాలనిపించింది. పెనం చెవుల్లో కర్రలు దూర్చి, నలుగురం నాలుగు వైపులా, అందరం ఎడమచేత్తోనే పట్టుకుని ఎత్తాం. వంద నుంచి వెనక్కి లెక్కపెట్టాలి కదా, అన్నయ్య వంద అని ఒక అడుగు వెనక్కి వేశాడు. మేమూ తొంభై తొమ్మిది అని ఎవరి వెనక్కి వాళ్ళం వేశాం. అన్నయ్య వెనక తూర్పు, నా వెనక పడమర, వదిన వెనక గానుగ, మావయ్య వెనక చెరకు కుప్ప. తొంభై ఆరు దగ్గర కర్రలు మా ఎడమచేతుల్లోంచి జారిపోయాయి. పెనం ఒరిగింది. పాకమంతా గానుగ పక్కనున్న కళ్ళంలోకి పారింది. అమ్మ ముందే దూరం జరిగింది, మేం ఎలాగూ వెనక్కే పరిగెత్తుతున్నాం, అందుకని ఎవరికీ కాలలేదు.

కాసేపటికి అది గట్టిపడింది. కళ్ళమంత బెల్లం అచ్చు, బంగారం రంగులో. అందులో మావయ్య చెప్పులు రెండూ, వదిన గాజు ఒకటీ, కోడి నడిచి వెళ్ళిన అడుగులూ ఉన్నాయి. అమ్మ ఒక మూల చిన్న ముక్క విరిచి, మట్టి తుడిచి నోట్లో వేసుకుంది. నవ్వింది. ఆ నెల్లాళ్ళలో అమ్మ నవ్వడం అదే మొదలు. పాకం కుదిరిందిరా అని చెప్పాలని అమ్మకి ఉంది, కానీ ఆ రోజుకి నలుగురూ అయిపోయారు. మేం గునపాలు తెచ్చి ఆ బెల్లాన్ని పెళ్ళగిస్తుంటే, ముక్కల అడుగున అంటిన మట్టిని అమ్మే గీకడం మొదలెట్టింది.

నెల తిరిగింది. మావయ్య చోడవరం వెళ్ళిపోయాడు. నేనూ అన్నయ్యా మళ్ళీ అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ అన్నీ అడిగింది. అమ్మ నెల, వారం చెప్పింది, మూడు వస్తువులూ చెప్పింది, నెల రోజులుగా ఏ రోజు ఏ నలుగురితో మాట్లాడిందో వరసగా చెప్పింది, ఏ గోడకి ఎన్నో రోజున కన్నం పడిందో కూడా చెప్పింది. డాక్టరమ్మ రాసుకోవడం ఆపి మా ఇద్దరి వంకా చాలాసేపు చూసింది. తర్వాత అమ్మని నర్సుతో లోపలి గదిలోకి పంపింది, రక్తపోటు చూడ్డానికి.

"మీ అమ్మగారికి ఏ లోపమూ లేదు," అంది మాతో. "జ్ఞాపకశక్తి అద్భుతంగా ఉంది. ఇంక ఆవిడ సంగతి మర్చిపోయి హాయిగా ఇంటికి వెళ్ళండి."

అంతే. మేం దణ్ణం పెట్టి, ఆవిడ సంగతి మర్చిపోయి, బస్సెక్కి ఇంటికొచ్చేశాం. అత్తయ్య ఏరీ అని వదిన అడగబోతే అన్నయ్య కసిరాడు. మర్చిపోమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది, గుర్తు చెయ్యొద్దు అన్నాడు. అది అంత తేలిక కాదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే అమ్మ గుర్తొచ్చేది, పీట చూస్తే అమ్మ గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా నెత్తి మీద మొట్టుకున్నాం. సాయంత్రానికి ముగ్గురికీ నెత్తులు బొప్పి కట్టాయి గానీ, చాలావరకు మర్చిపోగలిగాం.

పొద్దు వాలుతుండగా ఆటోలోంచి ఒకావిడ దిగి, మా గుమ్మం ముందు నిలబడి, ఏమర్రా నన్ను వదిలేసి వచ్చారు అని అడిగింది. ముఖం ఎక్కడో చూసినట్టే ఉంది. నాకు పేరు నాలిక చివరిదాకా వచ్చింది, అన్నయ్య ఠక్కున నెత్తిన ఒక్కటి మొట్టాడు, పోయింది.

"మీరెవరో మాకు తెలీదమ్మా," అన్నాడు అన్నయ్య మర్యాదగా. "మా అమ్మ ఆస్పత్రికి వెళ్ళింది. ఏదైనా ఉంటే ఆవిడ వచ్చాక మాట్లాడుకోండి."

మర్చిపోమన్నది ఎవరని ఆవిడ అడిగింది. డాక్టరమ్మ అని చెప్పాం. అంత చదువుకున్న మనిషి ఊరికే చెప్పదులే అంది. "అయితే ఆవిడ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను," అని అరుగు మీద చతికిలబడింది.

అంతే. వదిన ఆవిడకి కాఫీ ఇచ్చింది. మేం ముగ్గురం పక్కన కూర్చున్నాం. చీకటి పడుతోంది, ఇంకా రాలేదేమిటి మీ అమ్మ అని ఆవిడ మా అందరికన్నా ఎక్కువ కంగారు పడిపోతూ, ఆగాగి లేచి రోడ్డు వైపు చూసి వస్తోంది.