వెనక్కి తిరగని ఉరుకులయ్య

అనగనగా ఒక చలి అడవి, దాని నడుమ గడ్డకట్టిన చెరువు. చలికాలమంతా జంతువులు ఆ చెరువు మీద మంచు హాకీ ఆడేవి. చెక్కబిళ్ళను కర్రతో కొట్టి, అవతలివాళ్ళ వలలో వేస్తే గోలు. బిళ్ళ దొరక్కపోతే ఎండిన పిడకతో కానిచ్చేవి. ఆ కంపు సంగతి మాత్రం నన్నడక్కండి.

ఒక ఏడు తోడేళ్ళ జట్టు వచ్చింది. "మూడు ఆటలాడదాం. ఒక్కటి గెలిచినా చెరువు మీదే. మూడూ ఓడితే చేపలన్నీ మావి," అన్నాయి.

వల దగ్గర కాపలా ఉండే నీటికుక్క మంగాయమ్మ తన పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. వాళ్ళకు ఆ చేపలే తిండి మరి.

మంగాయమ్మ జట్టులో ముందుండి గోలు కొట్టాల్సిన ముందాటగాడు అడవిపంది ఉరుకులయ్య. "ముందాటగాడు ముందుకే పోవాలి. వెనక్కొస్తే నా పరువేంగాను?" అనేవాడు.

మొదటి ఆటలో బిళ్ళను మర్చిపోయి మరీ ఉరికాడు. పోయి పోయి మంచుకుప్పలో దూరాడు. తోకొక్కటే బయట ఊగింది. ఆట పోయింది.

రెండో ఆటలో బిళ్ళ తోడేళ్ళకు చిక్కింది. "వెనక్కి రా నాయనా," అని మంగాయమ్మ పిలిచింది.

"ఆ పని నాది కాదత్తా," అని వాడు కదల్లేదు. అదీ పోయింది.

మర్నాడు పొద్దున్నే మంగాయమ్మ వాడి దగ్గరికొచ్చింది. "మా పిల్లలకు దుంపలు తవ్వడం నేర్పు నాయనా. ఇక చేపలుండవు కదా," అంది. ఉరుకులయ్యకు సిగ్గుతో చెవులు వేలాడిపోయాయి.

మూడో ఆట చివరికొచ్చింది. ఎవరికీ గోలు లేదు. బిళ్ళ మళ్ళీ తోడేళ్ళకే చిక్కింది. తోడేళ్ళు ఒక్కటి కూడా తమ వల దగ్గర ఆగకుండా అన్నీ మంగాయమ్మ మీదికి ఉరికాయి.

ఉరుకులయ్య పరువును పక్కన పెట్టాడు. తిరుగుదామంటే మంచు మీద కాళ్ళు నిలవలేదు. దాంతో లారీలా రివర్సులో బయల్దేరాడు. "తప్పుకోండి, వెనక నాకేం కనబడట్లేదు," అంటూ జారుకుంటూ వచ్చి, సరిగ్గా వలకు అడ్డంగా ఆగాడు.

తోడేలు బలంగా కొట్టింది. బిళ్ళ వాడి పిర్రకు ధబ్బున తగిలి, ఎగిరి, చెరువంతా జారి, తోడేళ్ళ ఖాళీ వలలో పడింది.

తోడేళ్ళు మూతి ముడుచుకుని వెళ్ళిపోయాయి. ఉరుకులయ్య పది రోజులు కూర్చోలేకపోయాడు. మంగాయమ్మ పిల్లలు రోజూ వచ్చి ఆకుపసరు రాసేవాళ్ళు.

"ముందాటగాడివి కదా మావయ్యా, గోలెలా కొట్టావు?" అని అడిగేవాళ్ళు.

"వెనక్కొచ్చి," అనేవాడు వాడు, గర్వంగా, నిలబడే.

నీతి: మనవాళ్ళు పిలిచినప్పుడు వెనక్కి వచ్చినవాడి పరువు ఎక్కడికీ పోదు.